450 హెలికాప్టర్ కంట్రోల్ సెట్టింగ్: కలెక్టివ్ పైకి నెడితే స్వాష్‌ప్లేట్ వంకరగా లేస్తోంది

#1 తూనీగ450
అందరికీ నమస్కారం. రేడియోతో ఎగరేసే 450 సైజు మోడల్ హెలికాప్టర్, టెయిల్ రెక్కలు బెల్ట్‌తో తిరిగేది. బిగింపు అయిపోయింది, కంట్రోల్స్ దగ్గర ఆగింది. సరంజామా: 325 మి.మీ. రెక్కలు, 150 పళ్ల మెయిన్ గేరు, మోటారు మీద 13 పళ్ల పినియన్, 3550 కేవీ (వోల్టుకి నిమిషానికి 3550 చుట్లు) మోటారు, 40 ఆంప్ ఈఎస్‌సీ (మోటారు వేగం నియంత్రించేది), 3ఎస్ (11.1 వోల్టుల) 2200 బ్యాటరీ. స్వాష్‌కి (మెయిన్ రెక్కల కోణం మార్చే పళ్లెం) మూడు చిన్న డిజిటల్ సర్వోలు, టెయిల్‌కి ఒకటి, త్రీ యాక్సిస్ ఎఫ్‌బీఎల్ యూనిట్ (ఫ్లైబార్ లేని హెలిని గైరోలతో నిలకడగా ఉంచేది). రేడియోలో ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్. రిసీవర్ నుంచి ఎఫ్‌బీఎల్‌కి అన్ని చానెళ్లూ కలిసి పోయే ఎస్‌బస్ వైరు ఒక్కటే.

తేడాలు మూడు:
ఒకటి, కలెక్టివ్ (రెండు రెక్కల పిచ్‌నీ, అంటే కోణాన్నీ, ఒకేసారి మార్చే స్టిక్) పైకి నెడితే స్వాష్ లేస్తోంది కానీ ముందుకీ పక్కకీ ఒరిగి లేస్తోంది.
రెండు, ఐలరాన్ (పక్కలకి వంచేది) ఇస్తే ఎలివేటర్ (ముందుకీ వెనక్కీ వంచేది) సర్వో కూడా కదులుతోంది.
మూడు, స్టిక్ ముట్టుకోకపోయినా టెయిల్ స్లైడర్ (టెయిల్ రెక్కల కోణం మార్చే ముక్క) మెల్లగా ఒక చివరికి పోతోంది.

రేడియోలో హెలి పేజీకి వెళ్లి స్వాష్ టైప్ 120 (మూడు సర్వోలు 120 డిగ్రీల ఎడంలో) పెట్టాను. ఎఫ్‌బీఎల్‌లో కూడా 120 పెట్టాను. ఎక్కడ తప్పింది?

#2 పెద్దబావ
తప్పు చివరి పేరాలోనే ఉంది. దాని సంగతి చెప్పే ముందు ఇంకో పని. రెక్కలు ఊడదీయండి, మెయిన్‌వీ టెయిల్‌వీ రెండూ. మోటారుకి పోయే మూడు వైర్లలో రెండు పీకేయండి. ఈ చర్చ ముగిసేదాకా అలాగే ఉండనివ్వండి. 450 రెక్క చిన్నదే అనిపిస్తుంది గానీ, బల్ల మీద తిరిగితే వేలు మిగలదు.

ఇక అసలు విషయం. 120 మిక్సింగ్, అంటే స్టిక్ కదలికని మూడు సర్వోలకీ పంచడం, ఎవరో ఒక్కరే చెయ్యాలి. ఎఫ్‌బీఎల్ ఉన్న హెలిలో ఆ పని ఎఫ్‌బీఎల్‌ది. రేడియో నుంచి దానికి కావలసింది శుభ్రమైన నాలుగు మాటలే: ఐలరాన్ ఎంత, ఎలివేటర్ ఎంత, రడ్డర్ ఎంత, కలెక్టివ్ ఎంత. మీరు రేడియోలో కూడా 120 పెట్టారు కాబట్టి మీరు కలెక్టివ్ నెడితే 1, 2, 6 చానెళ్లు మూడూ ఒకేసారి కదులుతున్నాయి. ఎఫ్‌బీఎల్ దాన్ని ‘ఐలరాన్, ఎలివేటర్, పిచ్ మూడూ ఇచ్చాడు’ అని చదువుకుని మళ్లీ కలుపుతోంది. స్వాష్ ఒరగక ఏం చేస్తుంది?

హెలి పేజీలో స్వాష్ టైప్ గీతల మీదకి, అంటే ‘ఏమీ లేదు’ మీదకి మార్చండి. మిక్సర్‌లో 1వ చానెల్‌కి ఐలరాన్ స్టిక్, 2కి ఎలివేటర్, 3కి త్రాటిల్ కర్వ్ (స్టిక్ ఎక్కడుంటే ఎంత ఇవ్వాలో చెప్పే గీత), 4కి రడ్డర్, 5కి గైరో గెయిన్ (గైరో ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే అంకె), 6కి పిచ్ కర్వ్. వెయిట్లన్నీ 100. ట్రిమ్, సబ్‌ట్రిమ్ (సర్వో మధ్యస్థానాన్ని కొద్దిగా జరిపే అంకె) అన్నీ సున్నా. తర్వాత చానెల్ మానిటర్ తెరిచి ఒక్కో స్టిక్ కదపండి. ఐలరాన్‌కి ఒక్క గీతే కదలాలి. కలెక్టివ్‌కి 3, 6 మాత్రమే.

వేరే కంపెనీల రేడియో ఉన్నవాళ్లకి ఇదే ఎంపిక ‘వన్ సర్వో’, ‘హెచ్1’, ‘నార్మల్’ అనే పేర్లతో ఉంటుంది.

#3 గోదారిగట్టు
పెద్దబావ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. చానెల్ వరుస ఎఫ్‌బీఎల్ అడిగినట్టు ఉండాలి. ఎస్‌బస్ అంటే చాలా యూనిట్లు ఐలరాన్, ఎలివేటర్, త్రాటిల్, రడ్డర్, గెయిన్, పిచ్ అనే వరుస అనుకుంటాయి. కొన్ని రేడియోలు త్రాటిల్‌ని 1లో పంపుతాయి. వరుస మారితే ఐలరాన్ అనుకుని నెట్టిన స్టిక్ మోటారుని లేపుతుంది.

రెండోది, ఎఫ్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో రిసీవర్ పేజీ తెరిచి, స్టిక్‌లు మధ్యలో ఉన్నప్పుడు నాలుగూ సరిగ్గా 0 చూపిస్తున్నాయా, చివర్లలో 100 చూపిస్తున్నాయా చూడండి. ఎడ్జ్‌టీఎక్స్‌లో 100 అంటే 1500 నుంచి 512 మైక్రోసెకన్లు అటూ ఇటూ. ఎఫ్‌బీఎల్ లెక్క దానికి సరిపోకపోతే 100 దాటిన అంకె కనిపిస్తుంది. అప్పుడు రేడియో అవుట్‌పుట్స్ పేజీలో చివర్లు తగ్గించి 100కి తేవాలి. స్టిక్ దిశ ఎఫ్‌బీఎల్ తెర మీద తిరగబడి కనిపిస్తే సరిచేసేది కూడా అక్కడే, రేడియోలోనే.

#4 తూనీగ450
చేశాను. మానిటర్‌లో ఇప్పుడు ఒక స్టిక్‌కి ఒక గీతే. 118 చూపిస్తుంటే తగ్గించి 100కి తెచ్చాను. కానీ ఇప్పుడు కలెక్టివ్ పైకి నెడితే రెండు సర్వోలు లేస్తున్నాయి, కుడి పక్కది దిగుతోంది. ఎలివేటర్ ముందుకి నెడితే స్వాష్ వెనక్కి వాలుతోంది. ఏది రివర్స్ చెయ్యాలి అన్నా?

#5 గోదారిగట్టు
ఇక్కడే చాలామంది గంటలు పోగొట్టుకుంటారు. రివర్స్‌లు మూడు చోట్ల ఉన్నాయి, మూడింటికీ మూడు వేరే పనులు. రేడియోలోది స్టిక్ దిశ కోసం, అది మీకు అయిపోయింది. ఎఫ్‌బీఎల్‌లో సర్వో రివర్స్ అనేది మూడు సర్వోలూ కలిసి ఒకే వైపు కదలడానికి మాత్రమే. ఎఫ్‌బీఎల్‌లో మిక్స్ దిశ అనేది ఐలరాన్, ఎలివేటర్, కలెక్టివ్ మొత్తంగా ఎటు వాలాలో చెప్పడానికి.

కాబట్టి మొదట కలెక్టివ్ ఒక్కటే కదపండి. కుడి సర్వో ఎదురు పోతోంది, దాన్ని రివర్స్ చెయ్యండి. మూడూ కలిసి కదిలాయా? అప్పుడు చూడండి: స్టిక్ పైకి అంటే పిచ్ పెరుగుతోందా? (చాలా 450లలో స్వాష్ లేస్తే పిచ్ పెరుగుతుంది. కొన్ని మోడళ్లలో తిరగబడి ఉంటుంది, రెక్కని బిగించే పట్టునే చూడండి.) తగ్గుతుంటే కలెక్టివ్ మిక్స్ దిశ మార్చండి. ఆ తర్వాతే ఐలరాన్, ఆ తర్వాత ఎలివేటర్. ఎలివేటర్ వెనక్కి వాలుతోంది కదా అని ఎలివేటర్ సర్వోని రివర్స్ చేశారో, కలెక్టివ్ మళ్లీ చెడుతుంది. అది బాగుచేయబోతే ఐలరాన్ చెడుతుంది. ఇలా గానుగెద్దులా తిరుగుతూనే ఉంటారు.

120 స్వాష్‌లో సరైన కదలిక ఇలా ఉండాలి. కలెక్టివ్: మూడూ సమానంగా. ఐలరాన్: ఎలివేటర్ సర్వో అసలు కదలదు, పక్కల రెండూ ఎదురెదురుగా. ఎలివేటర్: ఎలివేటర్ సర్వో నిండుగా ఒక వైపు, పక్కల రెండూ సగం సగం రెండో వైపు. ఐలరాన్ ఇస్తే ఎలివేటర్ సర్వో పెద్దగా కదులుతోందంటే మిక్సింగ్ వెతకొద్దు, సర్వో ప్లగ్గులు తారుమారయ్యాయి. వాటిని చూడండి.

#6 కరీంనగర్_కాప్టర్
దిశల కంటే ముందు ఒకటి అడగాలె తమ్మీ. సర్వో ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టినవ్? డిజిటల్ సర్వో అంటే 333 హెర్ట్జ్ అని చాలామంది కండ్లు మూసుకొని పెడ్తరు. సర్వో కాగితం మీద ఏమున్నదో గదే పెట్టాలె. అనలాగ్ సర్వోకు 333 ఇస్తే కొద్దిసేపట్లనే కాల్తది. ఏమున్నదో తెల్వకుంటె 50 పెట్టు, ఏ సర్వోకూ నష్టం లేదు.

టెయిల్ సర్వోకు ఇంకో గండం ఉన్నది. కొన్ని టెయిల్ సర్వోలకు నడిమి పల్స్ 1520 కాదు, 760 మైక్రోసెకన్లు. 760 సర్వోకు 1520 ఇస్తే ఒక్క చివరకు పోయి గుద్దుకుంటది, గియ్యిమని మొత్తుకుంటది. రెండు మూడు సెకన్లల్ల ప్లగ్గు పీకకుంటె పండ్లు పోతయ్. 1520 సర్వోకు 760 ఇచ్చినా గంతే. పల్స్ పెట్టినంక లింకు రాడ్ లేకుంటనే ప్లగ్గు పెట్టి సూడు.

#7 లింక్‌రాడ్
పెద్దబావ గారి రెండో పోస్టుకి ఒక సవరణ. మోటారు వైర్లు పీకమనడం ఇప్పటికి సరే. కానీ ఈఎస్‌సీ త్రాటిల్ కాలిబ్రేషన్ చేసేటప్పుడు వైర్లు ఉండాలి, ఎందుకంటే బీప్ శబ్దం చేసేది మోటారే. వైర్లు లేకపోతే ఏం జరుగుతోందో వినబడదు. అప్పుడు చేయాల్సింది మోటారు మరలు వదులు చేసి పినియన్‌ని మెయిన్ గేరు నుంచి దూరం జరపడం.

ఇక తూనీగ గారికి ప్రశ్న. సర్వో హార్న్‌లు (సర్వో షాఫ్ట్ మీది చేతులు) 90 డిగ్రీల్లో ఉన్నాయా? సబ్‌ట్రిమ్‌తో తెచ్చిన 90 కాదు, సబ్‌ట్రిమ్ సున్నా ఉన్నప్పుడు.

#8 తూనీగ450
లేవు సార్. ఒకటి బాగానే ఉంది, రెండు కొంచెం పైకి చూస్తున్నాయి. ఎఫ్‌బీఎల్ సబ్‌ట్రిమ్‌లో 60, 75 అలా ఇచ్చి సరిచేశాను. తప్పా?

#9 లింక్‌రాడ్
తప్పే. హార్న్ 90లో లేకుండా మొదలైతే పైకి ఎంత కదులుతుందో కిందకి అంత కదలదు. మూడింటిలో ఒకటి అలా ఉంటే కలెక్టివ్ మధ్యలో స్వాష్ సమంగానే ఉంటుంది, పైకి పోయేకొద్దీ ఒరుగుతుంది. పిచ్ మారితే పక్కకి లాగుతోంది అని తర్వాత గెయిన్ మీద పడతారు. పెద్ద సబ్‌ట్రిమ్ ఇస్తే సర్వో ప్రయాణంలో ఒక వైపు ముక్క కూడా పోతుంది.

హార్న్ మార్చే పద్ధతి చెప్తాను, ఇది మాన్యువల్‌లో రాయరు. సర్వో షాఫ్ట్ మీద 25 పళ్లు ఉన్నాయనుకోండి. ఒక పన్ను మారిస్తే 14.4 డిగ్రీలు జరుగుతుంది, అది చాలా ఎక్కువ. కానీ ప్లస్ గుర్తులా నాలుగు చేతులున్న హార్న్ తీసుకుంటే, 25ని 4తో భాగిస్తే 6.25. అంటే పక్క చేతికి మారితే పావు పన్ను, 3.6 డిగ్రీలు జరుగుతుంది. నాలుగు చేతులూ ఒక్కోటిగా పెట్టి చూస్తే ఏదో ఒకటి 90కి రెండు డిగ్రీల లోపు పడుతుంది. ఆ చెయ్యి ఉంచి మిగతా మూడూ కోసేయండి. 23 పళ్ల సర్వోకి కూడా ఇది పనిచేస్తుంది, అడుగు 3.9 డిగ్రీలు. 24 పళ్లదైతే ఈ కిటుకు లేదు, 24ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఏ చెయ్యి పెట్టినా అదే కోణం. వాటికి సబ్‌ట్రిమ్ కాస్త ఎక్కువే పడుతుంది, తప్పదు.

90 అంటే దేనికి 90? సర్వో డబ్బాకి కాదు, లింకు రాడ్‌కి. రాడ్ ఏటవాలుగా పోతుంటే హార్న్ కూడా దానికి తగ్గట్టే ఉండాలి.

హార్న్ మీద బాల్ ఏ రంధ్రంలో అనేది మాన్యువల్ చెప్పినట్టే. ‘ఎక్కువ కదలిక వస్తుంది’ అని బయటి రంధ్రానికి పోవద్దు. ఎఫ్‌బీఎల్ దాన్ని తగ్గించుకోవడానికి సర్వోని కొంచెమే తిప్పుతుంది, కదలిక సన్నదనం పోతుంది, సర్వో మీద బరువు పెరుగుతుంది.

#10 పెద్దబావ
లింక్‌రాడ్ సవరణ ఒప్పుకున్నాను. వైర్ల సంగతి అదే.

తూనీగా, వరుస ఇది: హార్న్‌లు, చిన్న సబ్‌ట్రిమ్, తర్వాత లింకు రాడ్‌లతో స్వాష్ సమం చెయ్యడం. స్వాష్ లెవలింగ్ టూల్ మెయిన్ షాఫ్ట్ మీద దిగుతుంది, వంద రకాలు దొరుకుతాయి. మూడు రాడ్‌లూ మాన్యువల్ పొడవుకి పెట్టి, టూల్ మీద తేడా ఉన్న చోట రాడ్ తిప్పండి. సబ్‌ట్రిమ్ కాదు, రాడ్. బాల్ లింక్‌లకి ఒక ముఖం అక్షరంతో ఉంటుంది, అది బయటికి చూడాలి. అందుకే ఎప్పుడూ పూర్తి చుట్టు తిప్పాలి, అర చుట్టు తిప్పితే ముఖం తిరగబడి బిగుసుకుంటుంది.

స్వాష్ మధ్యస్థానం కూడా చూడండి. కలెక్టివ్ మధ్యలో ఉన్నప్పుడు స్వాష్ దాని మొత్తం ప్రయాణంలో సగంలో ఉండాలి. కింద ఫ్రేముకి ఎంత దూరమో పైన హెడ్‌కి అంత.

#11 తూనీగ450
మూడు హార్న్‌లూ మార్చాను. నాలుగు చేతుల కిటుకు బ్రహ్మాండం. ఇప్పుడు సబ్‌ట్రిమ్‌లు 4, 0, 11. స్వాష్ టూల్ మీద సమంగా ఉంది. దిశలు కూడా గోదారిగట్టు గారు చెప్పినట్టే వచ్చాయి. ఇప్పుడు పిచ్. డిజిటల్ గేజ్ ఉంది. ఎంత పెట్టాలి?

#12 గోదారిగట్టు
మొదట సున్నా. పరీక్షకి మెయిన్ రెక్కలు మళ్లీ పెట్టాల్సి వస్తుంది, మోటారు వైర్లు పీకి ఉన్నాయో లేదో ఇంకోసారి చూసి పెట్టండి. గేజ్‌ని హెడ్ మీద సమతలంగా ఉన్న చోట పెట్టి సున్నా చెయ్యండి. తర్వాత రెక్కకి తగిలించండి. స్టిక్ మధ్యలో, పిచ్ చానెల్ సరిగ్గా 0 అని ఎఫ్‌బీఎల్ చెప్తున్నప్పుడు, రెక్క 0 చూపాలి. తేడా ఉంటే స్వాష్ నుంచి రెక్క పట్టుకి పోయే రాడ్‌లు తిప్పండి. 2 మి.మీ. మరకి ఒక చుట్టుకి 0.4 మి.మీ. నడుస్తుంది. పట్టు మీద బాల్ రెక్క ఇరుసుకి 20 మి.మీ. దూరంలో ఉంటే ఒక చుట్టు దాదాపు 1.1 డిగ్రీ. రెండు రెక్కలూ విడివిడిగా చూడండి. 0.2 డిగ్రీ తేడా దాకా పరవాలేదు, మిగిలింది ట్రాకింగ్‌లో (తిరిగేటప్పుడు రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడటం) తేలుతుంది.

తర్వాత సైక్లిక్, అంటే ఐలరాన్, ఎలివేటర్ కదలిక. రెక్కని టెయిల్ బూమ్‌కి సమాంతరంగా పెట్టి ఐలరాన్ కోణం చూడమంటుంది యూనిట్. కొన్ని 6 డిగ్రీలు అడుగుతాయి, కొన్ని 8. మీ యూనిట్ ఏది అడిగితే అదే. ఇది విన్యాసాల వేగం కోసం పెట్టే అంకె కాదు, యూనిట్‌కి మీ లింకేజి జ్యామితి నేర్పడం. 6 అడిగిన చోట 8 ఇచ్చి ‘చురుగ్గా ఉంటుంది’ అనుకుంటే దాని లెక్కలన్నీ తప్పుతాయి.

తర్వాత కలెక్టివ్: పైకి 12, కిందకి 12. కొత్తవాళ్లయినా యూనిట్‌లో ఇంతే పెట్టి, తగ్గించేది రేడియో పిచ్ కర్వ్‌లో. ఆఖర్న సైక్లిక్ రింగ్: కలెక్టివ్ పూర్తిగా పైన, సైక్లిక్ నాలుగు మూలలకీ తిప్పుతూ ఎక్కడా లింక్ తాకకుండా, సర్వో మూలగకుండా ఉండేదాకా తగ్గించాలి. కలెక్టివ్ కింద పెట్టి అదే మళ్లీ.

#13 తూనీగ450
అర్థమైంది. రేడియో కర్వ్ అంకెలు ఎవరైనా ఇస్తారా? ఇంకా మూడో సమస్య, టెయిల్ పాకడం, అలాగే ఉంది.

#14 పెద్దబావ
టెయిల్ పాకడం సమస్య కాదు. హెడింగ్ హోల్డ్‌లో (ముక్కు దిశని పట్టి ఉంచే గైరో మోడ్) గైరో సున్నాలో వెంట్రుకంత తేడా ఉన్నా దాన్ని కూడబెట్టుకుంటూ పోతుంది. గాలిలో టెయిల్ తిరిగి ఆ లెక్క తీరిపోతుంది. బల్ల మీద హెలి తిరగదు కాబట్టి స్లైడర్ పాకుతూనే ఉంటుంది. బల్ల మీద దాన్ని చూసి రడ్డర్ ట్రిమ్ ఇచ్చేవాళ్లే ఎక్కువ, గాలిలోకి లేచాక అదే నిజంగా టెయిల్‌ని మెల్లగా తిప్పుతుంది. మీరు ఇచ్చి ఉంటే తీసేయండి.

బల్ల మీద పాకుడు మరీ వేగంగా ఉంటేనే అనుమానించాలి. బ్యాటరీ పెట్టాక యూనిట్ సున్నా నేర్చుకునే ఆ కొద్ది సెకన్లలో హెలి కదిలిందేమో, లేదా రేడియో రడ్డర్ సరిగ్గా 0 లేదేమో.

టెయిల్ సెట్టింగ్ మొత్తం రేట్ మోడ్‌లో చెయ్యండి. అందులో స్టిక్ వదిలితే స్లైడర్ మధ్యకి వస్తుంది. హార్న్ రాడ్‌కి 90. ఆ స్థితిలో టెయిల్ రెక్కలకి టార్క్‌కి (మెయిన్ రెక్కలు బాడీని ఎదురు దిక్కుకి తిప్పే బలం) ఎదురుగా కొన్ని డిగ్రీల పిచ్ ఉండేలా రాడ్ పొడవు. తర్వాత రెండు వైపులా లిమిట్: స్లైడర్ తాకే ముందు ఆగాలి. ఇది మరీ తక్కువ పెడితే ఒక్కసారిగా కలెక్టివ్ లాగినప్పుడు టెయిల్ నిలవదు.

#15 కరీంనగర్_కాప్టర్
టెయిల్ దిశ చూసే తీరు: మెయిన్ రెక్కలు పైనుంచి చూస్తే గడియారం తీరుగ తిరుగుతున్నయంటే, బాడీ ముక్కు ఎడమకు పోవాలని చూస్తది. టెయిల్ దాన్ని కుడికి నెట్టాలె. ముందు కుడి రడ్డర్ ఇచ్చి స్లైడర్ ఎటు పోయిందో గుర్తు పెట్టుకో. తర్వాత హెలిని చేతుల పట్టుకొని ముక్కును ఎడమకు జరుపు. స్లైడర్ గదే కుడి రడ్డర్ దిక్కుకే పోవాలె. పోకుంటె గైరో రివర్స్. ఇది తప్పు పెట్టి లేపినవంటె బొంగరమే.

స్వాష్‌కు గూడ గట్లనే. హెలిని ముందుకు వంచితే స్వాష్ వెనక్కి వాలాలె, కుడికి వంచితే ఎడమకు. నేలకు సమంగ ఉండాలని చూస్తున్నట్టు కనవడాలె. తప్పుంటే ఎఫ్‌బీఎల్‌ల సెన్సార్ దిశ మార్చాలె, సర్వో రివర్స్ ముట్టొద్దు.

బెల్ట్ టెయిల్ కాబట్టి ఇంకోటి. బూమ్‌ల బెల్ట్ పావు చుట్టు మెలిక తిరుగుతది. తప్పు దిక్కు మెలేస్తే టెయిల్ రెక్కలు ఉల్టా తిరుగుతయ్. మెయిన్ హెడ్‌ను చేత్తో గడియారం తీరుగ తిప్పి, మాన్యువల్ బొమ్మల బాణం గుర్తుతోటి పోల్చి సూడు.

#16 లింక్‌రాడ్
కర్వ్‌లకి ముందు పినియన్ గురించి. 3550 కేవీని 11.1 వోల్టులతో గుణిస్తే 39,405. గేరు నిష్పత్తి 150 బై 13, అంటే 11.54. కాగితం మీద హెడ్ స్పీడ్, అంటే మెయిన్ రెక్కల చుట్లు, నిమిషానికి 3,415. బరువు పడ్డాక ఇందులో ఎనభై అయిదు శాతం వచ్చినా 2,900. నేర్చుకునేవాళ్లకి 2,200 నుంచి 2,400 చాలు. 13తో అక్కడికి రావాలంటే త్రాటిల్ బాగా తగ్గించి నడపాలి, సగం త్రాటిల్‌లో ఈఎస్‌సీ ఎక్కువ వేడెక్కుతుంది. 11 పళ్ల పినియన్ వేస్తే కాగితం మీద 2,890, ఎనభై శాతంలో 2,300. అదే హాయి. పినియన్ మార్చాక గేర్ల మధ్య సందు: పల్చటి కాగితం ముక్క మధ్యలో పెట్టి నొక్కి మరలు బిగించి, కాగితం లాగేయండి. మెయిన్ గేరుని ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి, ఎక్కడో ఒక చోట బిగువు తేలుతుంది. బిగువున్న చోటే సందు పెట్టాలి.

#17 గోదారిగట్టు
కర్వ్‌లు. ఎడ్జ్‌టీఎక్స్‌లో కర్వ్ సున్నా నుంచి నూరు కాదు, మైనస్ 100 నుంచి ప్లస్ 100. 80 శాతం త్రాటిల్ అంటే కర్వ్‌లో 60 రాయాలి. 80 అని రాస్తే 90 శాతం అవుతుంది. ఇది గమనించకుండా వేరే రేడియో అంకెలు ఎక్కించుకునేవాళ్లు చాలామంది.

పిచ్ 12 డిగ్రీలు = 100 కాబట్టి డిగ్రీకి 8.3. నార్మల్ మోడ్‌కి (మామూలుగా ఎగరేసేది) అయిదు బిందువులు: మైనస్ 17, 13, 42, 58, 75. డిగ్రీల్లో మైనస్ 2, 1.5, 5, 7, 9. హోవర్ మధ్య స్టిక్ దగ్గర వస్తుంది. ఐడిల్ అప్ (స్టిక్ కిందకి తెచ్చినా మోటారు వేగం తగ్గని మోడ్): మైనస్ 100, మైనస్ 50, 0, 50, 100. త్రాటిల్ నార్మల్‌లో మొదటి బిందువు మైనస్ 100, మిగతావి 60. ఐడిల్ అప్‌లో అన్నీ 60.

#18 పెద్దబావ
ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. మీ నార్మల్‌లో మధ్య స్టిక్ అంటే 5 డిగ్రీలు. ఐడిల్ అప్‌లో మధ్య స్టిక్ అంటే 0. హోవర్‌లో ఉండగా స్విచ్ వేశాడనుకోండి, ఉన్న 5 డిగ్రీలు క్షణంలో మాయం. రెండు మీటర్ల ఎత్తులో ఉన్న హెలి రాయిలా దిగుతుంది. కొత్తవాడికి ఐడిల్ అప్ అసలెందుకు? ఇవ్వాలనుకుంటే రెండింటికీ ఒకే పిచ్ కర్వ్ ఇవ్వండి.

#19 గోదారిగట్టు
న్యాయమే. అలాగైతే రెండు మోడ్‌లకీ మైనస్ 42, మైనస్ 8, 25, 54, 83. డిగ్రీల్లో మైనస్ 5, మైనస్ 1, 3, 6.5, 10. హోవర్ స్టిక్ మూడింట రెండు వంతుల దగ్గర వస్తుంది. చేతికి మొదట వింతగా ఉన్నా, ముందు ముందు తిన్నని గీత కర్వ్‌కి మారడం తేలిక. హోల్డ్‌లో (మోటారుని ఆపే స్విచ్) మాత్రం పిచ్ తిన్నని గీతగా పూర్తిగా ఉంచుతారు ఆటోరొటేషన్ (మోటారు లేకుండా రెక్కల తిరుగుడుతోనే దించడం) తెలిసినవాళ్లు. తూనీగ గారు ఇప్పటికి హోల్డ్‌లో కూడా ఇదే కర్వ్ ఉంచితే మేలు, హోల్డ్ వేసిన క్షణాన స్టిక్ ఎక్కడుంటే పిచ్ అక్కడే ఉంటుంది.

#20 లింక్‌రాడ్
హోల్డ్ అమరిక: మిక్సర్‌లో 3వ చానెల్ చివర ఇంకో లైను, సోర్స్ మ్యాక్స్, వెయిట్ మైనస్ 100, హోల్డ్ స్విచ్, మల్టిప్లెక్స్ ‘రీప్లేస్’. ఏ మోడ్‌లో ఉన్నా ఇదే గెలవాలి. మానిటర్‌లో ప్రతి మోడ్‌లో స్టిక్ పైన పెట్టి హోల్డ్ వేసి చూడండి.

ఫెయిల్‌సేఫ్‌లో (రేడియో సిగ్నల్ పోతే రిసీవర్ చేసేది) 3వ చానెల్ మైనస్ 100. ‘ఉన్న చోటే ఉంచు’ అనే ఎంపిక త్రాటిల్‌కి ఎప్పుడూ వద్దు. పినియన్ జరిపి, మోటారు తిరుగుతుండగా రేడియో ఆపండి. మోటారు ఆగాలి.

ఈఎస్‌సీ లోపలి బీఈసీ (రిసీవర్‌కీ సర్వోలకీ కరెంటిచ్చేది) ఎన్ని ఆంప్‌లు? నాలుగు డిజిటల్ సర్వోలు ఒకేసారి ఒత్తిడి మీద పడితే 3 ఆంప్‌ల బీఈసీ కుంగుతుంది, ఎఫ్‌బీఎల్ గాలిలో మళ్లీ మొదలవుతుంది. కనీసం 5 ఆంప్‌లు ఉండాలి. పరీక్ష: రెండు స్టిక్‌లనీ గబగబా కలియతిప్పుతూ రిసీవర్ వోల్టేజి టెలిమెట్రీ చూడండి. 5 వోల్టులది 4.6కి పడుతుంటే ఎగరేయొద్దు.

#21 గాలిపటం
మధ్యలో దూరుతున్నాను. నా దగ్గర ఫ్లైబార్ (హెడ్ మీద నిలకడ కోసం ఉండే అడ్డకడ్డీ) ఉన్న పాత 450, టెయిల్‌కి మాత్రమే గైరో. పైన చెప్పిన ‘స్వాష్ టైప్ ఏమీ లేదు’ నాకూ వర్తిస్తుందా?

#22 పెద్దబావ
లేదు, మీది పూర్తిగా తిరగేసిన కథ. ఎఫ్‌బీఎల్ లేదు కాబట్టి 120 మిక్సింగ్ రేడియోనే చెయ్యాలి. హెలి పేజీలో 120 పెట్టి, మూడు సర్వోలనీ సీవైసీ 1, 2, 3కి ఇవ్వండి. సర్వో దిశ అవుట్‌పుట్స్ పేజీలో, ఐలరాన్, ఎలివేటర్, కలెక్టివ్ దిశ హెలి పేజీ వెయిట్లలో ప్లస్ మైనస్ మార్చి. వెయిట్లు 60తో మొదలుపెట్టండి. ట్రిమ్ వాడుకోవచ్చు, మీకు అది నిషేధం కాదు. హార్న్ 90, స్వాష్ సమం, పిచ్ సున్నా ఇవన్నీ ఇద్దరికీ ఒకటే. అదనంగా ఫ్లైబార్ చివర్లలోని పాడిల్‌లు రెండూ సమాంతరంగా, స్వాష్‌కి సమంగా ఉండాలి.

#23 తూనీగ450
11 పళ్ల పినియన్ వేశాను. ఈఎస్‌సీ కాలిబ్రేషన్ అయింది. బీఈసీ 5 ఆంప్‌లే, వోల్టేజి 5.0 నుంచి 4.9కి మాత్రమే పడుతోంది. సెన్సార్ దిశలో ఐలరాన్ ఒకటి తిరగబడి ఉంది, మార్చాను. మొదటిసారి తిప్పేటప్పుడు ఏం చూడాలి?

#24 కరీంనగర్_కాప్టర్
గా సెన్సార్ తప్పు పట్టుకోకపోతే లేవంగనే పక్కకు బోర్లా పడేది. మంచిగ చూసినవ్.

ఎఫ్‌బీఎల్ దేనితోటి అంటించినవ్? మెత్తటి డబుల్ సైడ్ టేపు మే నెల ఎండల కారు డిక్కీల పెడితే జారిపోతది, యూనిట్ ఒరుగుతది, టెయిల్ ఎందుకు లాగుతున్నదో ఎవలికీ తెల్వది. ఎగరేసేముందు వేలుతోటి నొక్కి సూడు. యూనిట్ మెయిన్ షాఫ్ట్‌కు సమాంతరంగ ఉండాలె, వైర్లు దాన్ని గుంజొద్దు.

#25 గోదారిగట్టు
మొదట రెక్కలు లేకుండా, గవర్నర్ (హెడ్ స్పీడుని నిలకడగా ఉంచేది) సాఫ్ట్ స్టార్ట్ మెల్లగా ఎక్కుతోందా, వణుకు ఉందా చూడండి. తర్వాత రెక్కలు పెట్టి, పట్టు మర ఎంత బిగువంటే హెలిని పక్కకి తిప్పితే రెక్క తనంతట వేలాడకూడదు, చిన్నగా ఊపితే వంగాలి. పది మీటర్ల దూరంలో నిలబడండి.

నేల మీద తిరుగుతుండగా సైక్లిక్ కదపొద్దు. మీరు కొంచెం ఇస్తే హెలి వంగదు, నేల ఆపుతుంది. ఎఫ్‌బీఎల్ ‘అడిగినంత రాలేదు’ అనుకుని ఇంకా ఇస్తూ పోతుంది, స్వాష్ ఒరిగి అలాగే ఉండిపోతుంది. ఆ స్థితిలో లేపితే పక్కకి దొర్లుతుంది. స్టిక్‌లు మధ్యలో ఉంచి, స్పీడు నిలదొక్కుకున్నాక కలెక్టివ్ ఒక్కటే, నాన్చకుండా అడుగున్నర ఎత్తుకి.

ఒక రెక్క అంచుకి రంగు టేపు అంటించి ట్రాకింగ్ దూరం నుంచి చూడండి. కింద తిరుగుతున్న రెక్క రాడ్ ఒక చుట్టు పొడిగించండి. (రాడ్ పొడిగితే పిచ్ పెరిగే హెడ్‌కి. మీది ఎటో గేజ్‌తో ముందే చూసుకోండి.)

టెయిల్ గెయిన్ 35తో మొదలు. టెయిల్ టకటకా వణికితే 5 తగ్గించండి. నింపాదిగా ఊగుతూ ఉంటే గెయిన్ ముట్టొద్దు, ముందు స్లైడర్‌లో, రాడ్‌లో ఆట ఉందేమో, బెల్ట్ వదులేమో చూడండి.

#26 తూనీగ450
తిరిగింది, లేచింది. టెయిల్ గెయిన్ 35లో వణికింది, 30లో నిలబడింది. ట్రాకింగ్‌కి ఒక చుట్టు సరిపోయింది. రెండు నిమిషాల తర్వాత దించితే ఈఎస్‌సీ వెచ్చగా ఉంది, మోటారు పట్టుకోగలిగినంత వేడి. కలెక్టివ్ గట్టిగా లాగితే ముక్కు ఎడమకి ఒక పది డిగ్రీలు తన్ని వెనక్కి వస్తోంది.

#27 లింక్‌రాడ్
ముక్కు ఎడమకి అంటే టార్క్ గెలుస్తోంది. టెయిల్ లిమిట్ ఆ వైపు ఎంత వదిలారు? స్లైడర్ ఇంకా పోగలదా చూసి, పోగలిగితే లిమిట్ పెంచండి. అది నిండుగానే ఉంటే గవర్నర్ స్పీడు పడిపోతోందేమో వినండి. మోటారు శబ్దం కుంగితే త్రాటిల్ 60 నుంచి 66కి, అంటే 83 శాతానికి. రెండూ ఒకేసారి మార్చొద్దు.

#28 తూనీగ450
లిమిట్ ఆ వైపు 78 ఉంది, స్లైడర్‌కి ఇంకా రెండు మి.మీ. జాగా ఉంది. 95కి పెట్టాను. తన్నడం పోయింది.